‘అంతా వ్యర్థం’ దగ్గర ఆగిపోకుండా ప్రసంగి గ్రంథం చదవడం ఎలా

పాత నిబంధనలో ప్రసంగి గ్రంథం తెరిచిన వాళ్ళలో చాలామంది రెండో వచనం దగ్గరే ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. అంతా వ్యర్థమే అన్నాక ఇంక చదవడానికి ఏముంది అనిపిస్తుంది. మన చర్చిల్లో ఈ పుస్తకం ఎక్కువగా వినబడేది కూడా భూస్థాపన రోజునో, జ్ఞాపకార్థ కూడికలోనో. విందు జరిగే ఇంటికంటే ఏడుపు వినబడే ఇంటికి వెళ్ళడం మేలనే 7:2 (7వ అధ్యాయం, 2వ వచనం) చదువుతారు. ఆ తర్వాత బైబిల్ మూసేస్తారు. బైబిల్‌తో పరిచయం లేని పాఠకులకైతే ఇది ఒక వైరాగ్య గ్రంథంలా కనిపిస్తుంది.

అయితే ఇదే పుస్తకం ‘నీ అన్నం సంతోషంగా తిను, తెల్లబట్టలు కట్టుకో, తలకి నూనె పెట్టుకో, ప్రేమించిన భార్యతో సుఖంగా బతుకు’ అని కూడా చెబుతుంది. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట ఎలా వచ్చాయన్నదే ఇందులో అసలు విషయం. అది తెలియాలంటే ఏ వరసలో, ఏం గమనిస్తూ చదవాలో చెబుతాను. మీరు విశ్వాసులైనా కాకపోయినా ఈ పద్ధతి పనికొస్తుంది. ఒక బైబిల్, ఒక పెన్సిల్, ఒక నోట్‌బుక్ చాలు. పాత తెలుగు అనువాదం పక్కన వాడుక భాషలో వచ్చిన అనువాదం కూడా పెట్టుకుంటే ఇంకా మంచిది.

1. ముందు మొత్తం ఒక్క విడతలో చదవండి

మొత్తం 12 అధ్యాయాలు, 222 వచనాలు. బయటికి చదివినా గంట పట్టదు. మొదటిసారి వ్యాఖ్యానాలు చూడొద్దు, కింద గీతలు గీయొద్దు. రోజుకో అధ్యాయం చొప్పున చదివే అలవాటు మంచిదే కానీ ఈ పుస్తకం విషయంలో అది దెబ్బతీస్తుంది. ఎందుకంటే ఇందులో మాట్లాడే ప్రసంగి ఒకచోట అన్న మాటకి జవాబు నాలుగు అధ్యాయాల తర్వాత చెబుతాడు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. రాసినతను పెట్టిన గీతలు కావవి.

2. మాట్లాడేది ఎవరో చూసుకోండి

రెండోసారి చదివేటప్పుడు ఇందులో రెండు గొంతులున్నాయని గమనించండి. ఒకటి ‘నేను చూశాను, నేను వెతికాను’ అని చెప్పే ప్రసంగి గొంతు. రెండోది ఆ ప్రసంగిని మనకి పరిచయం చేసే మనిషిది. 1:1-2లో, మధ్యలో 7:27లో, చివర 12:8 నుంచి ‘ప్రసంగి ఇలా అంటున్నాడు’ అని చెప్పేది ఇతనే. ఈ రెండో గొంతు ఉన్న వచనాల పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి. ఆఖరి అధ్యాయానికి వచ్చేసరికి ఆ గుర్తులు పనికొస్తాయి.

1:1 ప్రసంగిని దావీదు కుమారుడిగా, యెరూషలేములో రాజుగా పరిచయం చేస్తుంది. 1:12లో తాను రాజునని ప్రసంగి కూడా చెప్పుకుంటాడు. అందుకే సంప్రదాయం దీన్ని దావీదు తర్వాత రాజైన అతని కొడుకు సొలొమోను పుస్తకంగా ఎంచింది. సొలొమోను పేరు మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు. హీబ్రూ భాష శైలిని బట్టి దీన్ని చాలామంది పండితులు క్రీ.పూ. 5-3 శతాబ్దాల మధ్యకి తెస్తారు. 2:5లో తోటలకి వాడిన మాట, 8:11లో తీర్పుకి వాడిన మాట పారసీక భాష నుంచి వచ్చినవి. యూదులు పారసీక పాలన కిందికి వచ్చింది సొలొమోను తర్వాత కొన్ని వందల ఏళ్ళకి. మృత సముద్రం దగ్గరి కుమ్రాన్‌లో 4వ గుహలో దొరికిన ఈ పుస్తకపు తునకలు క్రీ.పూ. 2వ శతాబ్దానివి కాబట్టి అంతకంటే కిందికి తేవడానికి వీల్లేదు.

సొలొమోనే రాశాడని నమ్మేవాళ్ళు ఆ నమ్మకంతోనే చదవొచ్చు. ఒక్కటి మాత్రం ఎవరైనా గమనించాలి. మొదటి రెండు అధ్యాయాల్లో మాట్లాడేది రాజు. 4వ అధ్యాయానికి వచ్చేసరికి అణగదొక్కబడిన వాళ్ళ కన్నీళ్ళు చూసి, ఓదార్చేవాడు లేడే అని బాధపడే మనిషి కనిపిస్తాడు. 8వ అధ్యాయంలో రాజు ఎదుట ఎలా మసలుకోవాలో చెబుతాడు. 10:20లో ‘మనసులో కూడా రాజుని తిట్టకు, పిట్టలు ఆ మాట మోసుకుపోతాయి’ అంటాడు. అది సింహాసనం మీద కూర్చున్నవాడి భయం కాదు, కింద నిలబడ్డవాడి భయం.

3. మూడు మాటల కింద గీత గీయండి

‘వ్యర్థం’, ‘సూర్యుని కింద’, ‘లాభం’. ఈ మూడూ వచ్చినచోటల్లా పెన్సిల్‌తో గీత గీయండి. పని విసుగ్గా ఉంటుంది కానీ పూర్తయ్యాక పేజీ చూస్తేనే పుస్తకం నిర్మాణం కళ్ళకి కడుతుంది.

‘వ్యర్థం’ అని మనకి వచ్చిన హీబ్రూ మాట హెవెల్. మూలంలో ఇది 38 సార్లు వస్తుంది. దాని మామూలు అర్థం ఊపిరి, ఆవిరి. ఆదికాండంలో అన్న చేతిలో చనిపోయిన హేబెలు పేరు కూడా హీబ్రూలో ఇదే మాట. అతను వచ్చాడు, పిల్లాజెల్లా లేకుండానే పోయాడు. వ్యర్థం అనగానే మనకి పనికిరానిది అనే అర్థం ఒక్కటే తడుతుంది. ఊపిరి పనికిరానిది కాదు, నిలవనిది. చేతితో పట్టుకోలేనిది. అందుకే ఆ మాట దగ్గర ఆగిన ప్రతిసారీ ఇక్కడ అతను ‘నిలవదు’ అంటున్నాడా, ‘అంతుపట్టదు’ అంటున్నాడా, ‘ఇదేం అన్యాయం’ అంటున్నాడా అని అడగండి. 6:12లో మనిషి రోజులు నీడలా గడిచిపోతాయన్నప్పుడు మొదటిది. 8:14లో మంచివాళ్ళకి చెడ్డవాళ్ళ ఫలితం దక్కుతోందన్నప్పుడు మూడోది. పక్కన మార్జిన్‌లో మీకు తోచింది రాసుకోండి.

‘సూర్యుని కింద’ అన్న మాట 29 సార్లు వస్తుంది. హీబ్రూ బైబిల్‌లో ఇంకే పుస్తకంలోనూ ఇది లేదు. తాను పరిశీలించేది ఎంతమేరకో అతను ముందే చెప్పేస్తున్నాడు: బతికున్న మనిషి కంటికి కనిపించేంత వరకు.

మూడోది లాభం. ‘సూర్యుని కింద ఇంత కష్టపడితే మనిషికి మిగిలేదేంటి’ అన్న 1:3 ఈ పుస్తకం మొత్తానికి ప్రశ్న. దీన్ని నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. ఖర్చులన్నీ పోగా చివరికి చేతిలో ఏం మిగిలిందని అడుగుతున్నాడు.

4. చావు అవతలికి వెళ్ళకండి

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. 2వ అధ్యాయంలో బాధ కలగగానే విశ్వాసి అయితే ‘పరలోకంలో సరిపోతుందిలే’ అనుకుంటాడు. కర్మసిద్ధాంతం మధ్య పెరిగినవాడు ‘వచ్చే జన్మలో లెక్క తేలుతుంది’ అనుకుంటాడు, లేదంటే ఇది జగన్మిథ్య గురించి చెబుతోందని సర్దుకుంటాడు. ప్రసంగికి ఈ తలుపులేవీ తెరిచి లేవు. 3:19-21లో మనిషికీ పశువుకీ ఒకటే ఊపిరి, రెండూ మట్టికే పోతాయి, మనిషి ఆత్మ పైకి వెళ్తుందో లేదో ఎవరికి తెలుసు అంటాడు. 9:5లో చచ్చినవారికి ఏమీ తెలియదంటాడు. 9:10లో పాతాళంలో పనీ లేదు, ఆలోచనా లేదు, జ్ఞానమూ లేదంటాడు. ఆ పాతాళం శిక్షలు వేసే నరకం కాదు. మంచీ చెడూ తేడా లేకుండా అందరూ చేరే చీకటి చోటు.

పునరుత్థానం మీద, అంటే చనిపోయినవాళ్ళు తిరిగి లేస్తారన్న దాని మీద నమ్మకం యూదుల్లో గట్టిపడింది ఆ తర్వాతి కాలంలో. మీ నమ్మకం మీ దగ్గరే ఉంచుకోండి, దాన్ని వదిలేయమని నేను అడగడం లేదు. చదువుతున్నంతసేపు దాన్ని ఇతని నోట్లో పెట్టకండి. అలా పెడితే 9వ అధ్యాయంలోని సంతోషానికి ఉన్న పదును పోతుంది. లోకం మాయ అని ఇతను ఎక్కడా అనలేదు. లోకం నిజం, అన్నం నిజం, చావు కూడా అంతే నిజం. అతని ఇబ్బంది అంతా అక్కడే.

5. పక్కన సామెతలు, యోబు తెరిచి పెట్టండి

హీబ్రూ జ్ఞాన సాహిత్యంలో ఈ మూడు బైబిల్ పుస్తకాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒక్క జత చూస్తే చాలు. సామెతలు 10:27 ప్రకారం దేవుడంటే భయమున్నవాడికి ఆయుష్షు పెరుగుతుంది, భక్తిహీనుడికి తగ్గుతుంది. ప్రసంగి 7:15 ఏమంటుంది? నీతిమంతుడు తన నీతిలోనే నశించడం చూశాను, దుర్మార్గుడు దుర్మార్గంలోనే చాలాకాలం బతకడం చూశాను.

ఏ తప్పూ చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబు కూడా ఇదే గాయంతో కేకలు పెట్టాడు. కానీ యోబుకి సుడిగాలిలోంచి దేవుడు జవాబిచ్చాడు. ప్రసంగిలో దేవుడు ఒక్కసారి కూడా మాట్లాడడు. ఇశ్రాయేలీయులు దేవుణ్ణి పిలుచుకునే యెహోవా అన్న పేరు కూడా ఈ పుస్తకంలో లేదు, ‘దేవుడు’ అనే ఉంటుంది. ఆ మౌనం మధ్యలో కూచుని ఇతను ఆలోచిస్తున్నాడని గుర్తుంటే చాలు.

6. రెండో అధ్యాయాన్ని ఒక వాదనలా చదవండి

ఇక్కడ తొందరపడొద్దు. ఒక సాయంత్రం మొత్తం దీనికే ఇవ్వండి. రాజు వేషంలో ప్రసంగి ఒక పరీక్ష మొదలుపెడతాడు. డబ్బు లేకనో అవకాశం లేకనో ఫెయిలయ్యానని ఎవరూ అనకుండా, ప్రపంచంలో ఏదైనా కొనగలిగినవాడి చోట నిలబడి మరీ చేస్తాడు. నోట్‌బుక్‌లో ఒక్కో మెట్టు రాసుకుంటూ వెళ్ళండి.

ముందు నవ్వు, ద్రాక్షారసం. తర్వాత కట్టడాలు: ఇళ్ళు, ద్రాక్షతోటలు, పండ్లచెట్లు, వాటికి నీళ్ళు పెట్టే చెరువులు. తర్వాత దాసులు, పశువులు, వెండి బంగారాలు, పాటలు పాడేవాళ్ళు. కంటికి నచ్చిన దేన్నీ కాదనుకోలేదు. 2:10ని జాగ్రత్తగా చూడండి. ఇవన్నీ చేస్తున్నప్పుడు మనసు సంతోషించిందని, ఆ సంతోషమే తన కష్టానికి దక్కిన భాగమని ఒప్పుకుంటాడు. సుఖం అబద్ధమని అనలేదు. 2:11లో వెనక్కి తిరిగి ‘మిగిలిందేంటి’ అని లెక్క చూసుకున్నప్పుడే ఏమీ లేదని తేలింది.

తర్వాత జ్ఞానం. చీకటి కంటే వెలుగు ఎంత మేలో, మూర్ఖత్వం కంటే జ్ఞానం అంత మేలని 2:13లో నిజాయితీగా చెబుతాడు. మరుసటి వచనంలోనే ఇద్దరికీ వచ్చేది ఒకటే చావు అంటాడు. ఇద్దర్నీ జనం మరిచిపోతారు. 2:17లో బతుకంటేనే అసహ్యం వేసిందంటాడు. 2:18 నుంచి ఇంకో బాధ మొదలవుతుంది. ఇంత కష్టపడి సంపాదించింది తర్వాతివాడికి వదిలిపోవాలి, వాడు తెలివైనవాడో మూర్ఖుడో ఎవరికి తెలుసు? పిల్లల కోసం పొలం కొని, ఇల్లు కట్టి, రాత్రిళ్ళు నిద్రపట్టక దొర్లే ప్రతి తండ్రికీ ఈ టెన్షన్ తెలుసు. 2:23లో అతనూ అదే అంటాడు: రాత్రి కూడా మనసుకి విశ్రాంతి లేదు.

ఇంత కిందికి దిగాక 2:24 వస్తుంది. తిని, తాగి, తన కష్టంలో సుఖం అనుభవించడం కంటే మనిషికి మేలైనది లేదు, అది కూడా దేవుని చేతి నుంచి వచ్చిందే. ఇది అకస్మాత్తుగా వచ్చిందని అనిపిస్తే 2:10కి వెళ్ళండి. అక్కడ సంతోషాన్ని ‘భాగం’ అన్నాడు. లాభం వెతికితే దొరకలేదు, భాగం మాత్రం మొదటినుంచీ చేతిలోనే ఉంది. ఈ రెండు మాటల మధ్య తేడాని పట్టుకోండి. లాభం అంటే చావు తర్వాత కూడా నా పేరిట నిలిచేది. భాగం అంటే ఇవాళ నా వంతుకి వచ్చింది. పుస్తకం మొదట అడిగిన ప్రశ్నకి ‘లాభం లేదు’ అనే జవాబు చెబుతుంది, దాని బదులు భాగాన్ని చూపిస్తుంది. నాకు తెలిసినంతలో ప్రసంగి చెప్పదలచుకున్నది ఇదే. ‘వ్యర్థం’ అన్న ఒక్క మాటకే పుస్తకాన్ని కుదించి బోధించినప్పుడు మనకి దక్కకుండా పోయేది కూడా ఇదే.

7. సంతోషం గురించిన ఏడు చోట్లూ ఒక పేజీలో రాసుకోండి

2:24-26, 3:12-13, 3:22, 5:18-20, 8:15, 9:7-10, 11:7-10. చేత్తో రాయండి, ఫోన్‌లో కాపీ చేయకండి. వరసగా రాస్తుంటే గొంతు మారడం తెలుస్తుంది. మొదట్లో ‘ఇంతకంటే మేలు లేదు’ అని ఏదో ఒప్పుకున్నట్టు ఉంటుంది. 8:15కి వచ్చేసరికి సంతోషాన్ని పొగుడుతున్నాడు. 9:7లో ‘వెళ్ళు, తిను’ అని ఆజ్ఞాపిస్తున్నాడు. ఒక్కోదానికి ముందున్న వచనాలు కూడా చదవండి. దాదాపు ప్రతిదీ ఒక అన్యాయానికో, ఒక చావుకో ఆనుకునే ఉంటుంది. 9వ అధ్యాయంలో చచ్చిన సింహం కంటే బతికున్న కుక్క మేలని, చచ్చినవారిని అందరూ మరిచిపోతారని చెప్పిన వెంటనే తెల్లబట్టలు, తలనూనె వస్తాయి. చావుని పక్కకి నెట్టి సంతోషించమని కాదు అతను చెప్పేది.

ఈ ఆలోచన ఇతనికి ముందు కూడా ఉంది. పాత బాబిలోనియా నాటి గిల్గమేష్ కథలో, చావు లేకుండా బతికే దారి కోసం తిరుగుతున్న గిల్గమేష్ రాజుతో సిదూరి అనే మద్యం అమ్మే స్త్రీ ఇలాంటి మాటలే చెబుతుంది: కడుపు నింపుకో, శుభ్రమైన బట్టలు కట్టుకో, తల కడుక్కో, నీ చెయ్యి పట్టుకున్న బిడ్డని చూసుకో, నీ భార్యని సంతోషపెట్టు. ప్రసంగి దానికి ఒక మాట చేర్చాడు. ఇది ఊరికే దొరికింది కాదు, దేవుడు ఇచ్చింది.

8. మూడో అధ్యాయంలో ఎనిమిదో వచనం దగ్గర ఆగకండి

పుట్టడానికి, చావడానికి, నాటడానికి, పెరకడానికి, ఏడవడానికి, నవ్వడానికి. మొత్తం 14 జతలు. దీన్ని ‘ప్రతి పనీ టైముకి చెయ్యాలి’ అనే పాఠంగా చెబుతుంటారు. కానీ పుట్టే సమయం, చచ్చే సమయం మనం ఎంచుకునేవి కావు. 9వ వచనం వెంటనే పాత ప్రశ్న మళ్ళీ అడుగుతుంది: కష్టపడినవాడికి లాభమేంటి? 11వ వచనంలో దేవుడు ప్రతిదాన్నీ దాని కాలంలో అందంగా చేశాడని, శాశ్వతకాలాన్ని గురించిన తలపు మనిషి గుండెలో పెట్టాడని, అయినా మొదటినుంచి చివరిదాకా ఆయన చేసేది మనిషికి అంతుచిక్కదని ఉంటుంది. కవితని ఈ మూడు వచనాలతో కలిపి ఎప్పుడూ చదవండి.

9. ఒకదానికొకటి కుదరని మాటలను కుదర్చడానికి తొందరపడొద్దు

4:2లో బతికున్నవారి కంటే చచ్చినవారే మేలంటాడు, 9:4లో బతికున్నవాడికే ఆశ ఉందంటాడు. 7:3లో నవ్వు కంటే దుఃఖం మేలంటాడు, 8:15లో సంతోషాన్ని మెచ్చుకుంటాడు. యూదు పండితులు కూడా దీనితో తంటాలు పడ్డారు. దీన్ని పవిత్ర గ్రంథంగా ఎంచాలా వద్దా అని షమ్మాయి, హిల్లేలు అనే ఇద్దరు గురువుల శిష్యుల మధ్య వాదం నడిచిందని యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నా చెబుతుంది. మాటలు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయని దీన్ని పక్కన పెట్టేయాలనుకున్నారని మిష్నా మీద చర్చలున్న తల్మూద్‌లో ఉంది. చివరికి నిలబెట్టుకున్నారు. ఇప్పటికీ చాలా యూదు సమాజాల్లో పర్ణశాలల పండుగ రోజుల్లో, పంట ఇంటికొచ్చి అందరూ సంతోషంగా ఉన్న సమయంలో, దీన్ని సమాజ మందిరంలో బయటికి చదువుతారు.

మీరు చేయాల్సింది ఇంతే. పేజీని రెండు నిలువు వరసలు చేసి ఒక జతని ఎదురెదురుగా రాయండి. ఒక్కో మాట ఏం చూసి అన్నాడో కింద రాయండి. 4:2 అణచివేతను చూసి అన్నది. 9:4 చావుని చూసి అన్నది. రెండూ నిజమే కావచ్చు.

7, 10 అధ్యాయాలు మాత్రం వాదనలా సాగవు. శతక పద్యాల్లా ఒక్కో మాట విడిగా నిలబడుతుంది. అక్కడ వరస వెతక్కుండా రోజుకి రెండు మూడు చదువుకుంటే సరిపోతుంది.

10. 12:1-7 బయటికి చదవండి

ఇది ముసలితనం మీద రాసిన కవిత, కూలిపోతున్న ఇంటి రూపంలో చెప్పింది. మొదట అర్థం వెతక్కుండా చదవండి. తర్వాత పోల్చుకోండి. వణికే కావలివాళ్ళు చేతులు, వంగిన బలవంతులు కాళ్ళు, తగ్గిపోయిన తిరగలి విసిరేవాళ్ళు పళ్ళు, కిటికీలోంచి చూసేవాళ్ళు కళ్ళు, తెల్లగా పూసిన బాదం చెట్టు నెరిసిన తల. ఎక్కువమంది వ్యాఖ్యాతలు ఒప్పుకునే పోలికలివి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకి చదివి వినిపించండి, వాళ్ళు మనకంటే ముందే పోల్చుకుంటారు. ఈ కవిత 11:9లో యువకుడితో మొదలైన మాటకి కొనసాగింపు కాబట్టి అక్కడినుంచే ఎత్తుకోండి.

11. చివరి ఆరు వచనాల్లో గొంతు ఎవరిదో చూడండి

12:9 నుంచి మాట్లాడేది పరిచయం చేసిన మనిషి. మీరు మొదట పెట్టుకున్న గుర్తులు ఇక్కడికి తెస్తాయి. దేవునికి భయపడి ఆయన ఆజ్ఞలు పాటించు, ఇదే మనిషికి కావలసింది అంటాడు. కొందరు ఈ ఒక్క వచనంతో ముందున్న 11 అధ్యాయాల్నీ కొట్టేస్తారు. ఇంకొందరు ఇది తర్వాత అతికించింది అని దీన్నే కొట్టేస్తారు. నాకు రెండూ నచ్చవు. ఆ మనిషి ప్రసంగి మాటల్ని దిద్దకుండా పూర్తిగా మన చేతికి ఇచ్చాడు, అవి నిజమైన మాటలని 12:10లో సాక్ష్యం చెప్పాడు, ఆ తర్వాతే తన మాట కలిపాడు. దేవునికి భయపడమని ప్రసంగి కూడా 5:7లో అన్నాడు.

12. ఎవరికి ఎప్పుడు ఇవ్వాలి

మీరు చదివి ఇష్టపడ్డాక ఇంకొకరికి చెప్పాలనిపిస్తుంది. మనసు బాగా కుంగిపోయి ఉన్నవాళ్ళకి, బతుకు మీద విసుగు మాటలు మాట్లాడుతున్నవాళ్ళకి 2:17, 4:2-3 లాంటి వచనాలు ఒంటరిగా ఇవ్వకండి. ముందు వాళ్ళ పక్కన కూర్చోండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇద్దరుంటే ఒకరు పడితే రెండోవాడు లేపుతాడన్న 4:9-12 అప్పుడు మీరు చేయాల్సిన పని చెబుతుంది. అదే, ఉద్యోగంలో అలిసిపోయి ‘ఇంత చేసి ఏం మిగిలింది’ అంటున్న స్నేహితుడైతే రెండో అధ్యాయం నుంచి మొదలుపెట్టొచ్చు, అతని ప్రశ్న అందులో ఉన్నదే.

నలుగురు కలిసి చదివేటట్టయితే నాలుగు వారాలు పెట్టుకోండి. మొదటి వారం 1-2, రెండో వారం 3-5, మూడో వారం 6-8, నాలుగో వారం 9-12. చదివాక ప్రతి ఒక్కరూ ఆ వారం తమ వంతుకి వచ్చిన ఒక్క మంచి విషయం చెప్పాలి. భోజనం, నిద్ర, పని, పక్కనున్న మనిషి, ఏదైనా సరే. ఎవరికీ ఏమీ తోచకపోతే 5:18-20 ఇంకోసారి చదివి, ఆ పూటకి అక్కడే భోజనాలు పెట్టుకోండి.